గరికె ఇత్తనం

కిలోకు రెండు వేల మూడొందలు.
సంచి మీద పచ్చటి మైదానం బొమ్మ.
వసీమ్ సాబు దాన్ని నా ఒళ్లె పెట్టి
"పైలం ఇస్తారీ, బంగారమిది" అన్నడు.
మూతి ఇప్పి సూసిన.
గరికె.
ఉట్టి గరికె.

మా నాయిన బతుకంత దాంతోనే కొట్లాడిండు.
ఒక్క ఏరు మిగిలినా చెల్కంత పాకుతదని
గుంటుక తోలి, పారతోటి తవ్వి,
కుప్పేసి అగ్గి పెట్టి,
ఆఖరుకు నిద్రల గూడ ఏళ్లు కదిలించి పీకెటోడు.
గరికెకు పుట్టినోడా అన్నది
మా ఇంట్ల అన్నిటికన్న పెద్ద తిట్టు.

మౌలాలి గుట్ట ఎనక నాలుగెకరాలు.
పట్నంల కూలగొట్టిన ఇండ్లన్ని
ఇరవై ఏండ్ల సంది ఈడ్నే పారబోసిన్రు.
ఇప్పుడేమో రైల్వే కోటర్ల పిలగాండ్లకు
ఫుట్‌బాల్ గ్రౌండు గావాల్నంట,
ఉరికితె మోకాళ్లు పగలకుంట.

మొదాలు బ్లేడు దించిన.
సర్కారు తుమ్మలు ఒరిగినయి గని
ఒక మొద్దు గొలుసుకు చిక్కి మొండికేసింది,
నా ముందు గీరలు రెండూ గాల్లకు లేసినయి.
తర్వాత కల్టివేటర్, తొమ్మిది కర్రులు.
కర్రు రాయిని తాకితె దౌడకు తెలుస్తది,
ఇనుపసీకును తాకితె ఎన్నుబూసకు.
డంగుసున్నం గోడ ముక్కైతె
మెత్తగ ఉంటది,
ముసలాయన పక్కర్రల దగ్గినట్టు.

రోటవేటర్ కట్టమని సాబు తొందర.
కట్ట సాబ్. రాళ్లేరకుంట కడితె
నా బ్లేడ్లు పోతయి, మీ బిల్లు పెరుగుతది.

బుగ్గమ్మోళ్లు వచ్చిన్రు, తట్టలు పట్టుకోని.
నేను ఒక సాలు తిరిగొచ్చేసరికి
ఒక ఇల్లు ఏరి కుప్పబోసెటోళ్లు:
షాబాదు బండ పెచ్చులు, పింగాణి కప్పు చెవి,
సగం గులాబి ఉన్న టైలు,
బొత్తాలు కుట్టే ఉన్న అంగి చెయ్యి,
ఉర్దూల చెక్కిన గేటు పలక.
పలకను కొంగుతోటి తుడిసి
"ఏం రాసున్నది సాబూ?" అనడిగింది బుగ్గమ్మ.
ఆయన కండ్లద్దాలు పైకెత్తి
శానసేపు సూసిండు.
"ఎవరిదో ఇల్లు" అన్నడు.
అది తట్టలకు పోలే.
గోడకు ఆనిచ్చి నిలవెట్టింది.

మొదటి వాన పడ్డది. బండి ఆపిన.
ఇగ వారం రోజులు ఏం జెయ్యొద్దు అంటె
సాబుకు నా మీద అనుమానం.
అడుగున పండుకున్న వయ్యారిభామ,
తుంగ, పల్లేరు
తమ కోసమే వాన వచ్చిందనుకోవాలె,
నమ్మి తలలెత్తాలె.
ఎత్తినంక డిస్కులేసి కోసిన.
మోసమే.
ఎవుసంల మంచి సగం మోసమే.

లెవలింగుకు లేజరుందా అనడిగిండు.
మా ఇంట్ల తుప్పువట్టిన మంచం పట్టీలున్నయి.
గొలుసుకు కట్టి, పైన ఇద్దరు పొరగాండ్లను కూసోవెట్టి
అడ్డం ఇగ్గిన, నిలువు ఇగ్గిన.
పొద్దుగూకే యాళ్ల చెంప నేలకానిచ్చి సూస్తె
యాడ నీడ నిలిస్తె ఆడ గుంట.
నింపిన. మల్ల సూసిన. మల్ల నింపిన.

పొద్దుగాల, గాలి లేసే ముందుగాల
గింజను ఇసుకల కలిపిన.
ఆవగింజల సగం గూడ లేదు.
పిడికిలి నిండ తీసుకోని నిలవడ్డ.
పిడికిలి తెర్వ మనసొప్పలే.
మణికట్టు కాడ నాయిన పట్టుకున్నట్టయింది.
"ఏందిర, గరికెకు గూడ మూర్తమేనా?"
బుగ్గమ్మ నవ్వితె
అందరు నవ్విన్రు,
ఆ నవ్వుల సల్లేసిన.
గుట్ట మీది పావురాలు గుంపుగ దిగినయి.
రోలరు ఎనుక రోలరు ఉరికిచ్చిన.

పదోనాడు
పానా మర్సిపోయిన అని సాకు వెట్టుకోని వచ్చిన.
ఎర్రమన్ను మీద అక్కడక్కడ
సూదిమొనలంత పచ్చ.
దూరంకెల్లి లేనట్టే ఉంటది,
కూసుంటెనే కనవడ్తది.
చెయ్యి దానంతటదే పోయింది.
రెండేళ్ల నడుమ పట్టుకున్న. ఇగ పీకుడే.
పురుగు కాలంత ఏరు,
గప్పుడే నేలను పట్టుకోనున్నది
నాయిన తిట్టినంత గట్టిగ.

ఇడిసిపెట్టిన.

"పానా దొరికిందా?" గేటు కాడికెల్లి వాచ్‌మన్.
లేదన్న.
రేపు మల్ల వస్త.