చుక్కల గిన్నె

పులియాంతోపులో సైకిల్ షాపు మీది గది.
ట్రస్టు వాళ్లు గిద్యోనుని ఏరుకున్నారు.
మా తమ్ముడు బస్సు టికెట్టు మీది అంకెల్ని
దిగేలోపు ముక్కలు చేసి
మళ్లీ అతికించేవాడు.
నన్ను ఏరుకోలేదు.
కోపమేం లేదు. కొంచెం ఉంది.

వాళ్లదొక షరతు:
పిల్లాడితో పాటు ఇంట్లోంచి ఒకరు కూర్చోవాలి.
నాన్నకి డ్యూటీ. అందుకని అమ్మ.
అమ్మకి తోడు నేను.
శనివారం సాయంత్రాలు
ఫినాయిల్ వాసన పోని వేళ్లతో పలక పట్టుకుని
"మన నోట్లో మాటకి ఇన్ని వంకర్లా!" అనేది.

ఐదో నెల్లో ఒకరోజు
అంట్లు తోముతూ ఆగిపోయింది.
గిన్నె పక్కన చుక్కలు.
ముగ్గనుకునేది ఇన్నాళ్లూ.
నురగ తుడిచి, వెలుతురుకి తిప్పి
చుక్కా చుక్కా వేలితో కలిపింది:
క... న... క... వ...
"ల్లి" దగ్గర చాలాసేపు.

ఎవరో కనకవల్లి.
అమ్మ పనిచేసి మానేసిన కీల్పాక్కం ఇంట్లో
సొట్టపడిందని ఇచ్చేసిన గిన్నె.
"పదకొండేళ్లు ఈమె గిన్నెలో తింటిమే,
ఈమెవరో తెలీకుండా."
నవ్విందో లేదో,
కొళాయి మాత్రం కట్టేసింది.

మర్నాడు సైకిల్ షాపులో
మేకూ సుత్తీ అడిగి తెచ్చింది.
కనకవల్లిని చెరపలేదు.
ఆమె కిందే, సొట్ట తప్పించి,
టక్ టక్
'రూ'. మేకు జారి ఒక గీత.
'తు'.

తమ్ముడు మూతి ముడిచాడు.
"అక్కది రెండక్షరాలే కదరా,
నీ 'ద్యో' ఇంకా చెప్పలేదు వాళ్లు."