రెండంగుళాల చిల్లు

సోనాపూర్ ఇసక మీద పడవను ఒరగేసి
కొబ్బరి మొద్దులు దన్ను పెట్టారు.
ఇరవై ఏళ్ళు చిల్లు పడకుండా కాచుకున్నదానికి
ఇవాళ డబ్బిచ్చి మరీ చిల్లు పెట్టిస్తున్నాం.

బరంపురం మెకానిక్ త్రినాథ్ బెహరా
అడుగున సుద్దముక్కతో సున్నా చుట్టాడు.
"ఫ్యానుకి ముందుండాలి, బుడగలు తగలకూడదు,
తిన్నగా కిందికే చూడాలి"
సగం ఒడియాలో, సగం మా మాటలో.
దాని పేరు నాకు నోరు తిరగలేదు.
లోతు చూసే కన్ను అన్నాను.
చెవి, అని దిద్దాడు.
కిందికి కేకేసి
నేల బదులు పలికేదాకా వింటుందట.

మామ కామయ్య దూరంగా వల బాగుచేస్తూ
ఇదేదీ తనది కానట్టే ఉన్నాడు.
ఆయన రోజుల్లో సీసపు గుండు, తాడు.
గుండుకి మైనం రాసి వదిలితే
అడుగు మట్టి అంటుకొచ్చేది.
వేళ్ళతో నలిపి, నాలిక్కి రాసుకుని చెప్పేవాడు:
పన్నెండు బారలు, నల్ల బురద, రొయ్యుంది.
పద్దెనిమిది, గుల్లిసక, పోదాం పదండి.
ఇప్పుడా చెయ్యి వణుకుతోంది.
బహుదా మొగ కూడా
ఆయన చెప్పినచోట ఉండటం లేదు.
మొన్న వానల్లో దిబ్బెక్కి
సూరాడ వాళ్ళ పడవ నడుం విరిగింది.

డ్రిల్లు తిరిగింది.
తెల్లటి పొడి, పళ్ళడాక్టరు దగ్గర కమురు వాసన.
మా ఆయన దానేసు మొహం తిప్పుకున్నాడు,
పిల్లకి చెవులు కుట్టించిన రోజులాగే.
గుండ్రటి బిళ్ళొకటి ఊడి ఇసకలో పడింది.
ఎన్నడూ ఎండెరుగని చోటికి
నాణెమంత ఎండ దూరింది.

అంచులకి జిగురు పూశారు. ఆరేదాకా టీ.
ఆపైన బయటినుంచి కంచు గొట్టం దూర్చి
లోపలినుంచి నట్టు బిగించాలి.
లోపలంటే ఇంజను దిమ్మకీ డీజిల్ ట్యాంకుకీ మధ్య
పిల్లి కూడా పట్టని సందు.
త్రినాథ్ చెయ్యి పట్టలేదు.
దానేసుది మణికట్టు దగ్గరే ఆగింది.
మా తమ్ముడు మోచెయ్యి గీరుకుని బయటికొచ్చాడు.
అప్పుడు అందరూ నా చేతులకేసి చూశారు.

ఈ మిషను కోసమే గాజులు తీసిన చేతులు.
మొప్పల్లో వేళ్ళు దూర్చి
తెగకుండా పేగు లాగే చేతులు.
పెళ్ళై పంతొమ్మిదేళ్ళు,
పడవ ఒడ్డున పడుకున్నా సరే
నేనందులో కాలు పెట్టలేదు.
ఆడవాళ్ళు ఎక్కరు.
ఎందుకని అడిగిన గుర్తు కూడా లేదు.

దానేసు మామకేసి చూశాడు.
మామ సముద్రంకేసి చూశాడు.
అదేమీ అనలేదు.
"నట్టు ఎవులు బిగిత్తే ఏటి, నీరు రాకుంటే సాలు"
అన్నాడాయన చివరికి
వల ముడిమీంచి కళ్ళెత్తకుండా.

ఎక్కాను.
డీజిలు, పాత ఉప్పు, దానేసు బీడీ.
బోర్లా పడుకుని చెయ్యి దూరిస్తే
పైపుకి చుట్టిన గుడ్డ తగిలింది.
నా పచ్చ చీర. పోయిందనుకుని వెతికిన చీర.
నేనెరక్కుండానే
ఎన్నేళ్ళుగా వేటకెళ్ళొస్తోందో!

"చాలు, చాలు, మరీ బిగించకు
జిగురంతా బయటికొచ్చేస్తుంది"
పడవ కడుపు కిందనుంచి త్రినాథ్ గొంతు.

మర్నాడు నీళ్ళలోకి తోశాక
నన్నే దిగి చూడమన్నారు.
నట్టు చుట్టూ వేలు తిప్పితే తడి.
నాలిక మీద పెట్టుకున్నాను. ఉప్పు.
చెమటకీ సముద్రానికీ రుచిలో తేడా
మామనడిగితే తెలిసేదేమో.
తుడిచి, వంద లెక్కపెట్టి, మళ్ళీ తాకాను.
పొడి.

తెర మీద అంకె వెలిగింది: మూడు పాయింట్ నాలుగు.
"రెండు బారలకి తక్కువే" అన్నాడు మామ, తెర చూడకుండానే.
"బురదా, ఇసకా?"
"అది చెప్పదు నాన్నా."
"మరేటి విన్నట్టు?"
నవ్వాడు. చాలా రోజులకి.

ఊడిన బిళ్ళ మా చిన్నది ఝునూ దాచుకుంది.
అంచున పొరలు పొరలుగా రంగులు:
కొన్ననాటి ఎరుపు,
ఫైలిన్ తుఫాను తర్వాత వేసిన నీలం,
అప్పు తీరిన ఏడాది పసుపు.
సాయంత్రం ఇసకలో గళ్ళు గీసి
దాంతో తొక్కుడుబిళ్ళ ఆడుతోంది.
విసిరింది. గీత మీద పడింది.
ఎవరూ చూడలేదనుకుని
కాలివేలితో లోపలికి జరిపింది.