లాభం

గ్రీమ్స్‌పేటలో, సైకిల్ షాపు మిద్దె మీద
మా ప్రార్థన గది.
మెట్లెక్కుతుంటే ముందు పంక్చరు సొల్యూషన్ వాసన,
తర్వాత కొవ్వొత్తులది,
ఆ తర్వాత మా మామది. బెల్లం.

హిల్కీయా ఆయన పేరు. మండీలో కాటా మనిషి.
రబ్బీ అని ఎవరైనా పిలిస్తే
"ఆ చదువు చదివినోళ్ళను అట్ల పిలవండబ్బా,
నేను తూకమేసేవాణ్ణి" అంటాడు.
అయినా పెండ్లి చేసేది ఆయనే, బిడ్డకు పేరు పెట్టేది ఆయనే,
సమాధి గుంతలోకి దిగి లోతు చూసేదీ ఆయనే.
శనివారం కాటా ముట్టడు.
ముప్పై ఏండ్లుగా మండీ వాళ్ళు ఆ రోజు కూలి
కోసుకుంటానే ఉండారు.

హెబ్రీ ప్రార్థనలన్నీ తెలుగు అక్షరాల్లో
కమిషన్ కొట్టు చిట్టాపుస్తకంలో రాసుకున్నాడు.
ఎడమ పక్క 'బారూఖ్ అత్తా',
కుడి పక్క 'నల్లబెల్లం పదకొండు దిమ్మెలు, తడి కింద రెండు కిలోలు తీసేది'.
చూపు ఆనని సాయంత్రాల్లో
ఎడమ నుంచి కుడికి జారిపోతాడు.
వెనక చాప మీద నుంచి నేను దగ్గుతాను.
మళ్ళీ దేవుడి దగ్గరికి వస్తాడు.

పిల్లలకు అలెఫ్, బేత్ దిద్దించేది నేను.
"శెరహూ, ఈ మాటకు అర్థమేందమ్మా" అని మామ అడిగేది నన్నే.
పదిమంది లెక్కలో మాత్రం నేనుండను.
లెక్క రాసేది నేనే.

పదిమంది మగవాళ్ళుంటేనే పలకాల్సిన మాటలు కొన్ని ఉన్నాయి.
పోయినవాళ్ళ కోసం చదివే కద్దీష్ వాటిలో ఒకటి.
రూబేను తిరుప్పూరు బనియన్ల మిల్లుకు పోయినప్పటి నుంచి
మావాళ్ళు తొమ్మిది మందే.

మనుషుల్ని అంకెలతో లెక్కపెట్టరాదని పెద్దల మాట.
అందుకని మామ మండీ లెక్క తెచ్చుకున్నాడు:
లాభం, రెండు, మూడు...
"రెండు నుంచి అంకెలే గదా మామా" అంటే
"మొదటి మనిషిని కాపాడుకుంటే చాలమ్మా,
మిగతావాళ్ళు ఆ చాటునే వస్తారు" అన్నాడు.
తొమ్మిది దగ్గర ఆగి మెట్ల వైపు చూస్తాడు.
ఎవరూ రారు. పేజీ తిప్పేస్తాడు.
కద్దీష్ దక్కని పేరు
పుస్తకం చివర నేను రాసిపెడతాను.
పదకొండయ్యాయి.
మా అత్తది నాలుగోది.

పెరటాసి నెలలో ఒక గురువారం
థానే నుంచి హజ్జాన్ ఎలియేజర్ నవ్‌గావ్‌కర్ వచ్చాడు,
చంకలో శాలువ సంచి, చేతిలో ఇడ్లీ పొట్లం.
పసుపు బట్టల తమిళ యాత్రికులు కింద రోడ్డంతా నిండి
కొండకు నడిచిపోతున్నారు, గోవిందలు కొట్టుకుంటా.
"అడ్డమా సామీ, కిటికీ మూసేదా?" మామ అడిగాడు.
"మా గది పక్కన లోకల్ రైలు పోతుంది, ఇది నయం" అని
వచ్చీరాని హిందీలో ఇద్దరూ నవ్వుకున్నారు.

ఆ రాత్రి లెక్క తొమ్మిది దాటింది.
పది అన్నాక
మామకు ఏం చెయ్యాలో తోచలేదు.

పేర్లు నేను చదివాను. చాప మీద నుంచే, గట్టిగా.
అందరికీ కలిపి ఒక్కసారి చాలన్నాడు వచ్చినాయన.
"దిమ్మె దిమ్మెకూ వేరే తూకం సామీ."
పదకొండుసార్లు.
నాలుగో పేరు దగ్గర మామ గొంతు
కాటా ముల్లులాగా అటూ ఇటూ ఊగి, ఊగి,
నిలబడింది.
కింద సైకిల్ షాపు మునాఫ్
షట్టరు దించితే చప్పుడవుతుందని
రాత్రి పది దాకా అట్లే కూర్చున్నాడంట. తెల్లారి చెప్పాడు.

పోయేటప్పుడు హజ్జాన్
రెండు మాటల్లో 'హ' కాదు, 'ఖ' అని దిద్దాడు.
(ఆ రెండూ నేను ఎప్పుడో చెప్పినవే.)
మామ చేతులు పట్టుకుని "వస్తాను, రబ్బీ" అన్నాడు.
మామ వెనక్కి తిరిగి చూశాడు,
ఎవరొచ్చారా అని.

మర్నాడు శుక్రవారం, దీపాలు పెట్టే వేళ.
మళ్ళీ తొమ్మిది.
మామ వేలు చాపి లెక్క మొదలుపెట్టబోయి
అందర్నీ దాటుకుని, వెనక చాప దాకా వచ్చి,
నా దగ్గర ఆగింది ఆ వేలు.
"లాభం" అన్నాడు.
తర్వాత మగవాళ్ళ వైపు తిరిగాడు.
రెండు. మూడు. నాలుగు...

పది అన్నప్పుడు గదిలో ఎవరూ మాట్లాడలేదు.
నేనూ దగ్గలేదు.