మినిట్స్‌లో ఒక సవరణ

పదకొండేళ్లుగా ఈ బోర్డు మాటల్ని చెరిగే చేటను నేను.
తాలు ఎగిరిపోతుంది, గింజ మిగులుతుంది.
ఏది తాలో తేల్చేది మాత్రం నేను కాదు.

జనవరి సమావేశం, నాలుగో పేజీ, ఏడో అంశం:
"రవాణాకు సంబంధించిన ఒక సంఘటనను సూపరింటెండెంట్ వివరించారు.
విధివిధానాలు పాటించినట్టు తెలిపారు.
బోర్డు విచారం వ్యక్తం చేసింది."
మూడు వాక్యాలు. నేనే టైపు చేశాను.
ఒక్క అక్షరం తప్పు పోలేదు.

సంఘటన అంటే ఇదీ:
మైనస్ ఇరవై రెండు.
లేక్ సుపీరియర్ మీంచి గాలి రంపంలా కోస్తున్న సాయంత్రం.
కొత్త డ్రైవరు, పాత రూటు కాగితం.
రెండేళ్ల కిందటే ఎత్తేసిన స్టాపులో
ఫస్ట్ గ్రేడు పిల్లని దించి బస్సు వెళ్లిపోయింది.
చేతితొడుగుల్లో ఒకటి సీటు మీదే ఉండిపోయింది,
ఎర్రది, బొటనవేలి దగ్గర అల్లిక ఊడినది.
గంటా పది నిమిషాలు.
మంచు తోసే బండి నడిపే ఐవర్ నీమెలా
హెడ్‌లైట్ల వెలుగులో
పోస్టుడబ్బా గుంజని కరుచుకున్న నీలం కోటుని చూసేదాకా.

ఎడమచెయ్యి. రెండు వేళ్లు. చివరి కణుపులు.
అంతటితో పోయిందని
ఊరంతా ఊపిరి పీల్చుకుంది.

శుక్రవారానికల్లా డ్రైవరు ఉద్యోగం పోయింది.
నిచ్చెనకి ఎప్పుడూ కింది మెట్టే విరుగుతుంది.
ఆ కాగితం మార్పించాల్సిన మనిషికి కాంట్రాక్టు పొడిగింపు
ఇవాళ్టి ఎజెండాలో పన్నెండో అంశం.

ఫిబ్రవరి. హైస్కూలు లైబ్రరీ.
రేడియేటర్ల మీద ఆరేసిన టోపీల తడి ఉన్ని వాసన.
"గత మినిట్స్‌కి సవరణలేమైనా?"
అధ్యక్షుడు ప్రెస్టన్ లుసియర్ అడిగాడు,
లేవని తనే అనేసేలా అప్పటికే పేజీ తిప్పుతూ.

వెనక వరసలోంచి ఒక చెయ్యి లేచింది.
పిల్ల నాయనమ్మ, సెల్మా కార్హు.
చేపల ఫ్యాక్టరీలో ముప్ఫయ్యేళ్లు కత్తి పట్టిన చెయ్యి.
"నాలుగో పేజీలో సంఘటన అని ఉంది.
దానికో పేరుంది. టూలీ.
మా పెద్దవాళ్ల భాషలో గాలి అని అర్థం. అది రాయండి."

"చివర్లో మీకు మూడు నిమిషాలు ఇస్తాం మేడమ్,
సవరణలు సభ్యులే ప్రతిపాదించాలి."

ఆవిడ మోకాళ్లు పట్టుకుని కూచుంది.
చెయ్యి మాత్రం దించలేదు.
సూపరింటెండెంట్ ఆషెన్‌బాక్
పెన్ను మూత తీసి, పెట్టి, మళ్లీ తీసి.
గడియారం. ఎవరిదో దగ్గు.
ఇలాంటివేవీ మినిట్స్‌లోకి రావు.

చివరి కుర్చీ వెండెల్ సావెలాది.
బ్యాటరీ అయిపోతుందని సగం మీటింగులు
వినికిడి మిషను ఆపేసి కూచునే మనిషి
ఆ రాత్రి ఆపలేదట.
"నేను ప్రతిపాదిస్తున్నా" అన్నాడు.
బలపరిచేవాళ్లు?
అయిదుగురు మంచినీళ్లు తాగారు.

నవంబరు తొమ్మిదిన బస్సుల షెడ్డు నుంచి ఒక చీటీ వచ్చింది:
"రూటు కాగితాలు పాతవి. మంచు పడేలోపు మార్చండి."
అందినట్టు ముద్ర నాది. తేదీ నా చేతిరాత.
ఆయన ట్రేలో పెట్టింది నేను.
ఆ తర్వాత అడగలేదు.
అడగడం నా పని కాదనుకున్నాను,
ఆయన ఇంకెవరిదో అనుకున్నాడు.
ఎవరి పనీ కాని సరిగ్గా ఆ చోట
ఆ పిల్ల బస్సు దిగింది.

ఆ గదిలో నా గొంతు హాజరు పిలవడానికే.
"నవంబరు తొమ్మిది" అన్నాను.
చీటీ మాటలన్నీ చెప్పాను, ముద్రతో సహా.
ప్రెస్టన్ నాకేసి తిరిగి,
"ఇది రికార్డులోకి వెళ్లదు" అన్నాడు.

రాసేది నేనే కదా.

టూలీ కార్హు, ఆరేళ్లు, అని మొదలుపెట్టాను.
ఇన్నేళ్లయినా నేను
రెండు వేళ్లతోనే టైపు కొడతాను.
ఆ సంగతి ఆ రాత్రే గమనించాను.