పదిహేడు యూరోలు

గాలి లేచిన రాత్రి అది.
బోరా అంటాం మేం, ఈ త్రియెస్తెలో.
కొండ మీంచి దూకి సముద్రాన్ని వెనక్కి తోస్తుంది.
వీధి మలుపుల్లో మనుషులు పట్టుకు నడవడానికి
మునిసిపాలిటీ వాళ్ళు తాళ్ళు కడతారు.
బయటికి వెళ్ళలేక, టీవీ రాక,
మొట్టమొదటిసారి
నా లెక్కలు నేను రాసుకున్నాను.

ముప్ఫయ్యొక్క ఏళ్ళుగా ఊళ్ళోవాళ్ళ జమాఖర్చులు చూస్తున్నాను.
డాక్టరుకి కూడా విప్పని చొక్కాలు
నా బల్ల ముందు విప్పుతారు.
ఎవరి పరుపు కింద బ్యాంకుకి తెలియని కట్టలున్నాయో,
ఏ పెద్దమనిషి పూలకొట్టు బిల్లుని
ఆఫీసు స్టేషనరీ కింద రాయమని నసిగాడో
నాకు తెలుసు. నాకూ, నా బీరువాకీ.

దారియో సాన్చిన్‌కి అప్పట్లో నాలుగు ఫ్లాట్లు,
కాఫీగింజల గిడ్డంగిలో సగం వాటా.
ఏటా మార్చిలో వచ్చి, టోపీ తియ్యకుండానే కూచుంటాడు.
"అయిదోది కొనేస్తే ఇంక చాలు, నివెస్."
పదకొండేళ్ళయింది ఆ మాటని.
మొన్న ఎనిమిదోదాని కాగితాలు తెచ్చాడు.
చాలు అనే మాటకీ తరుగుదల ఉంటుందని
అతని ఖాతాలోనే నేర్చుకున్నాను.
ఏటికి పది శాతం చొప్పున అరిగి అరిగి
విలువ సున్నా అయ్యాక కూడా
వాడకంలోనే ఉంటుంది.

ఒందీనా దారి వేరు.
ట్రాము డిపోలో సీట్లకి గుడ్డలు కుట్టి రిటైరైన మనిషి.
బిస్కట్ల రేకుడబ్బా నిండా రసీదులు తెస్తుంది,
మూత తీస్తే ఉప్పువాసన.
అన్నీ పెదొచిన్ రేవు టిక్కెట్లు, ఒక్కోటీ ఒక్క యూరో.
నడుమ తెల్లగోడ కట్టిన రేవది,
ఇటు ఆడవాళ్ళు, అటు మగవాళ్ళు,
నీళ్ళు మాత్రం ఎవరి మాటా వినవు.
"ఇవి చూపిస్తే పన్ను తగ్గదు, ఒందీనా."
"తెలుసులే. నువ్వు చూస్తావని తెచ్చా."
లెక్కపెట్టాను, చేతి అలవాటు.
తొంభై నాలుగు.
ఏ గడిలోనూ పట్టని తొంభై నాలుగు మధ్యాహ్నాలు.
సాన్చిన్ ఎనిమిది ఫ్లాట్లకీ కలగని అసూయ
ఆ రేకుడబ్బా మీద కలిగింది.

సరే, నా చిట్టా.
పింఛను నిధి, పర్వాలేదు.
పంటి తొడుగుకి ఇంకా రెండు వాయిదాలు.
మాజీ భర్తతో కలిసి కొన్న పడవ, నష్టానికి అమ్మకం,
ఆ నష్టంలో అతనిది సగమే అని
ఇన్నాళ్ళూ అనుకున్నాను. రాసి చూస్తే
పడవ కొందామన్నది నేనే.
తమ్ముడు ఎగోన్‌కి ఇచ్చిన అప్పు, పదమూడేళ్ళు.
మొండి బాకీ అని కొట్టెయ్యబోయాను.
ప్రతి శుక్రవారం గుమ్మంలో
కాగితంలో చుట్టిన సార్డీన్లు పెట్టి వెళ్తాడు వాడు,
బెల్లు కొట్టడు.
కలం ఆగిపోయింది. శుక్రవారాలు ఎన్ని?
చేపల ధర ఏ ఏడుది వెయ్యాలి?
ఒకవేళ నేనే వాడికి బాకీ పడి ఉంటే?
ఆ పేజీ తిప్పేశాను.

అర్ధరాత్రికి మొత్తం తేల్చాను.
తేలలేదు. పదిహేడు యూరోల తేడా.

నలభై సెంట్ల కోసం
మూడు రాత్రులు మేలుకున్న మనిషిని నేను.
మళ్ళీ కూడాను, కింద నించి పైకి.
కిటికీ రెక్క దబాదబా కొట్టుకుంటోంది.
ఎక్కడ పోయాయి?
కొండమీద పల్లెలో, గుమ్మానికి కొమ్మ వేలాడదీసిన ఇంట్లో
ఉడికించిన గుడ్లూ, ఎర్రటి తెరాన్ వైనూ?
లేక బార్లో ఆ ముసలాయన కాఫీకి
చిల్లర చాలకపోతే నేనిచ్చినవా?
గుర్తులేదు. ఏదో ఒక సాయంత్రం
నా చేతిలోంచి హాయిగా జారిపోయి ఉంటాయి.

లెక్క సరిపోలేదు.
నాకు సరిపోయింది.
ఎర్రపెన్సిల్ సొరుగులో పడేసి దీపం ఆర్పాను.
నిద్ర మాత్రం రెండింటికి గాని రాలేదు,
అబద్ధమెందుకు.

పొద్దున తాడు పట్టుకుని ఆఫీసుకి నడుస్తుంటే
ఎదురు కాలిబాట మీద సాన్చిన్.
చూస్తూండగానే టోపీ లేచింది,
ట్రాము తీగ దాటి, కాలవ దాటి
సముద్రం వైపు.
బోడితలతో తాడుకి వేలాడుతూ
పెద్దగా నోరు తెరిచాడు.
నవ్వాడో, అరిచాడో, గాలిలో వినపడలేదు.
ఎంత పెట్టి కొన్నావని అడగబోయి
ఊరుకున్నాను.