తరుగు

"కిలోటన్నంటే ఎన్ని టిక్కీలబ్బా?"
పదో తరగతి పుస్తకంలోంచి తల ఎత్తకుండానే అడిగింది రుబీనా.
గుంటూరు మిర్చి యార్డులో ఇరవై రెండేళ్లుగా కాటా గుమాస్తాని,
బరువు మాట నన్ను గాక ఎవర్నడుగుతుంది.

టిక్కీకి నలభై కిలోల లెక్కన
కిలోటన్నుకి ఇరవై ఐదు వేల టిక్కీలు.
అప్పుడు ఆ ఊరి మీద వేసింది పదిహేను కిలోటన్నుల పెట్టంట.
చిట్టా వెనకట్ట మీద గుణించాను:
మూడు లక్షల డెబ్బై ఐదు వేలు.
మార్చి నెలలో మాకు మూడు రోజుల సరుకు,
చుట్టుగుంట దాకా బారులు తీరిన లారీలు,
అదంతా ఒక్క రెప్పపాటులో.
"ఇప్పుడివి ఇంకా పెద్దవంట" అంది.
పెన్సిల్ పక్కన పెట్టాను.

ఆ ఏడు కోల్డ్ స్టోరేజీ తగలబడ్డప్పుడు
గాలి ఎటు తిరిగితే అటు ఊరు దగ్గింది.
ఘాటుకి షావుకారని తెలీదు, హమాలీ అని తెలీదు,
ఉయ్యాల్లో బిడ్డని అసలే తెలీదు.
అది ఒట్టి మిరపకాయ.

కమిషన్ కొట్టు చలమయ్య గారు పేపరు మడిచి అంటారు:
"వాళ్ల దగ్గరుంది, మన దగ్గరా ఉంది.
అందుకేనయ్యా ఎవడూ కదలంది. భయమే శాంతి."
ఎదురు చెప్పలేదు. జీతమిచ్చే మనిషి.
కానీ నేను ముల్లున్న కాటా మీద పని నేర్చినవాణ్ణి.
ముల్లు భయపడి నిలబడదు,
పళ్లెం మీద ఎవడి చెయ్యీ లేకపోతే నిలబడుతుంది.

చెయ్యంటే గుర్తొచ్చింది.
నేనూ తీశాను తరుగు.
గోతానికని, తేమకని, పైవాళ్లు చెప్పారని
టిక్కీకి కిలో.
రైతు మొహం చూడకుండా అంకె రాయడం
అలవాటైతే కష్టం కాదు.
ఆ ఊరి లెక్క కూడా
నాబోటి గుమాస్తా ఎవరో వేసే ఉంటాడు:
ఇంత ఊరు, ఇంత జనం, ఇంత తరుగు.
చేతిరాత గుండ్రంగానే ఉండి ఉంటుంది.

రుబీనా నిద్రపోయింది.
జవాబు దగ్గర ఇరవై ఐదు వేల టిక్కీలని రాసుంది.
కొట్టెయ్యబుద్ధి కాలేదు.

మర్నాడు మధ్యాహ్నం షెడ్డులో
తొడిమలు తీసే దీవెనమ్మ పని ఆపి లేచింది,
గోనెపట్టా మీద పిల్లాడు ఏడుస్తుంటే.
చేతులు మట్టితో రుద్దింది, మజ్జిగతో కడిగింది,
కొబ్బరినూనె రాసి మళ్లీ కడిగింది.
వేళ్లు వాసన చూసుకుంది.
అయినా నమ్మకం చాలక
మోచేత్తోనే తుడిచింది
వాడి కళ్లు.