రేకుల మీద వాన

కేజీహెచ్‌లో పై వార్డులకి సముద్రం కనిపిస్తుంది.
నరాల పరీక్ష గదికి కిటికీ లేదు.
ఏసీ మటుకు పనిచేస్తుంది.
చలికి నరం నెమ్మదిస్తుందని
ముందు అతని చేతులు గోరువెచ్చని నీళ్లలో పెట్టిస్తాను.
సూరాడ ఎల్లాజీ, యాభై రెండు, జాలారిపేట.
"ఇయి ఉప్పునీళ్లు కావేటమ్మా?" అని నవ్వుతాడు.

బొటనవేలి మొదట్లో కండ
గవ్వ ఏరిన తడి ఇసకలా గుంట పడింది.
మూడు నెలలుగా వల ముడి జారిపోతోందట.
చొక్కా గుండీలు ఇంటిది పెడుతోందట.
ఈ రెండో మాట గోడకి చెప్పాడు.

మణికట్టు మీద కరెంటు పెట్టాను.
వేలు దానంతటదే ఎగిరింది,
గాలానికి పడ్డ చేపలా, అనబోయి ఆగాను.
చేపల సంగతి నాకేం తెలుసు.
"నానాడించలేదు. మరెవురాడించినట్టు?"
యంత్రం రాసుకుంది: సెకనుకి యాభై నాలుగు మీటర్లు.
దారి బాగానే ఉంది.
చేరే సరుకే తక్కువ.

తర్వాత సూది.
"చెయ్యి వదిలెయ్యి బాబూ, ఏమీ చెయ్యకు."
ఏమీ చెయ్యని కండ మాటాడకూడదు.
స్పీకర్లో
టప్... టపటప... టప్
రేకుల మీద తొలి చినుకులు.
ముంజేతిలో వాన. తొడలో వాన.
గడ్డం కింద నుంచి నాలుకలోకి దించితే
అక్కడా.

పదకొండేళ్లుగా వింటున్నాను ఈ వానని.
పేరు తెలుసు. పలికే అధికారం లేదు.
"రిపోర్టు గురువారం, పెద్ద డాక్టరుగారు చెబుతారు"
ఈ వాక్యం నా నోట్లో గులకరాయిలా నున్నబడిపోయింది.

అతను వింటున్నది స్పీకరుని కాదు,
నన్ను.
"హుద్‌హుద్‌కి ముందురోజు
ఒడ్డు మీద ఒక్క కాకీ అరవలేదమ్మా.
నువ్వు ఇందాకటిదాకా మాటాడినావు."

దూది కోసం వెతికాను.
చేతికందేంత దూరంలోనే ఉంది.

చొక్కా తనే వేసుకున్నాడు.
మూడో గుండీ దగ్గర చాలాసేపు పట్టింది.
సాయం పోబోతే భుజం అడ్డం తిప్పాడు.
గుమ్మం దగ్గర ఆగి అడిగాడు:
"గురువారం ఏటకెల్లాల. శుక్రవారం రావొచ్చా?"
రావొచ్చన్నాను.

బయట బల్ల మీద ఇంకా ఏడుగురు.
టబ్బులో నీళ్లు చల్లారిపోయాయి,
పారబోసి
మళ్లీ వేడినీళ్లు పట్టాను.